చూద్దాం డబ్బా

గ్రాంట్ వెల్‌బోర్న్ రైఫిలు పేల్చినప్పుడు గుండు ఎటు పోయిందో లేలండ్ స్కార్ ఏనాడూ చూడలేదు. గురికి తగిలిందా, వెనకున్న మట్టిగుట్టలో దూరిందా, పక్క కౌంటీకి పోయిందా, ఆయనకి అనవసరం. బోల్టు వెనక్కి లాగగానే రైఫిలు పక్కనుంచి ఎగిరి గచ్చు మీద టింగుమని పడే ఖాళీ ఇత్తడి గొట్టం ఉంది చూశారూ, దాని మీద ఉండేది ఆయన చూపంతా. డ్రై ఫోర్క్ షూటింగ్ రేంజిలో శనివారం పొద్దున చేరే ముసలాళ్ళందరిదీ అదే వరస. మోత తగలకుండా చెవులకి డిప్పలు తగిలించుకుని, కాఫీ ఫ్లాస్కులు పక్కన పెట్టుకుని, గోధుమ ధర గురించీ గాలి గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు. కళ్ళు మాత్రం నేల మీద.

మరి ఉండవూ? తూటా కాలిస్తే పోయేది లోపలి మందూ, ముందున్న గుండూ. గొట్టం ఎక్కడికీ పోదు. దాన్ని ఏరి తెచ్చి, శుభ్రం చేసి, అచ్చులో వత్తి మళ్ళీ కొలతకి తెచ్చి, మందు పోసి గుండు బిగిస్తే తూటా. మోంటానాలో మా వైపు కొట్లో తూటాల పెట్టె కొనే మగవాణ్ణి చూసి జాలిపడతారు. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో పాపం, తీరిక దొరకలేదు కాబోలు అనుకుంటారు.

ఈ ఏరుకోవడానికో మర్యాద ఉంది. కాల్చినవాడు బెంచీ మీంచి లేచి, సామాను సర్దుకుని, నాకక్కర్లేదు అని నోరు తెరిచి అనేదాకా ఇంకొకడు వంగకూడదు. అన్నాక చూడాలి తమాషా. నడుం పట్టేసిందనీ, మోకాళ్ళు అరిగాయనీ డాక్టర్ల చుట్టూ తిరిగే పెద్దమనుషులు కోతిపిల్లల్లా దూకుతారు. ఎవరిదైనా చెయ్యి తొక్కేస్తే సారీ కూడా చెప్పుకోరు.

లేలండ్ కౌంటీ రోడ్లు చదును చేసే బండి నడిపి రిటైరైన మనిషి. ఆయన రైఫిలు రాబర్ట్స్ కొలతది, ఆ కొలత గొట్టం తప్ప ఇంకోటి దానికి పట్టదు. తాతలనాటి కొలత, ఇప్పుడు అడిగే నాథుడు లేడు, అందుకని ఆ గొట్టాలు దొరకడం గగనమైపోయింది. ఉన్నవాటిని వత్తి వత్తి, నింపి నింపి వాటి ఉసురు తీశాడు. కిందటేడు చివరికి వాటి మెడలు చీలిపోవడం మొదలెట్టాయి. ఈ ఏడు జింకల వేట మొదలయ్యేలోగా గొట్టాలు దొరక్కపోతే రైఫిలు గోడకి వేలాడాల్సిందే, ఆయన పక్కింటికి వెళ్ళి ఇంకోటి అరువు అడగాల్సిందే. రాబర్ట్స్ కాకుండా మరోటి పట్టుకునేవాడు వేటగాడే కాదని ఊరి హోటల్లో ఏళ్ళ తరబడి ఉపన్యాసాలు దంచిన మనిషికి అంతకన్నా తలవంపులు ఏముంటాయి? తలచుకుంటేనే ఆయనకి తిండి సయించేది కాదు.

సరిగ్గా అలాంటప్పుడు ఊళ్ళోకి దిగాడు గ్రాంట్ వెల్‌బోర్న్. సియాటిల్లో కంప్యూటర్ల కంపెనీ ఏదో అమ్మేసి, ఏటి పక్కన పశువుల ఫారం కొని, పశువుల్లేకుండా అందులో కాపురం పెట్టాడు. ఎక్కడో పేరున్న పనివాడి చేత ప్రత్యేకంగా రైఫిలు చేయించుకున్నాడు. టర్కీ వాల్‌నట్ చెక్క, దాని నిండా చెక్కిన ఆకులూ పువ్వులూ. కొలత ఏది బాగుంటుందని అడిగితే, రసికులు కోరేది రాబర్ట్సేనని ఆ పనివాడు సెలవిచ్చాడట. అడిగినంత పోసి ఎక్కడెక్కడినుంచో తూటాలు పెట్టెలకి పెట్టెలు తెప్పించుకుని, ఢామ్మని కాల్చేసి, నాకక్కర్లేదు అనేసి నేల వంకైనా చూడకుండా వెళ్ళిపోయేవాడు. మొదటి శనివారం ఆ గొట్టం అడుగున రాబర్ట్స్ అని చదివి, లేలండ్ దాన్ని చొక్కాకి తుడిచి మళ్ళీ చదివాడు.

ఆ రోజు నుంచి ఆయన గ్రాంట్‌ని వదిలితే ఒట్టు. ఇన్నేళ్ళ కాపురంలో భార్య ఆర్డిస్ చేసిన బంగాళాదుంపలు బాగున్నాయని ఒక్కనాడూ అనని నోరు పొగడ్తలు లంకించుకుంది. గుండు గురికి బారెడు అవతల తగిలితే గాలి మోసం చేసిందన్నాడు. అసలే తగలకపోతే చెయ్యి భలే నిలకడగా ఉందన్నాడు. రైఫిలంటే అదీ, కౌంటీ మొత్తంలో దీన్ని మించింది లేదన్నాడు. కొత్త బ్యారెల్ పండాలంటే బాగా కాల్చాలి, ఎంత కాలిస్తే అంత మంచిదని శాస్త్రం కూడా చెప్పాడు. అలాంటి శాస్త్రం ఏదీ లేదు. చివరికి ఆశ ముదిరిపోయి, పేలినప్పుడు భుజాన్ని ఇంత మెత్తగా తన్నే రైఫిలు మీ ఆవిడైనా కాల్చొచ్చు, తీసుకురండి అని సలహా పారేశాడు. ఇద్దరు కాలిస్తే రెండింతలు రాలతాయి కదా మరి.

రేంజి బాగోగులు చూసే మెర్ల్ టాఫ్టీ, లేలండ్‌తో చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాడు, ఇదంతా చూసి లోలోపల కుళ్ళుకుంటూ పైకి నవ్వేవాడు. ఆయన బూట్లు కూడా తుడుస్తావా ఏంట్రా అని ఓ రోజు అడిగేశాడు. దొరికేది రాబర్ట్స్ అయితే తుడుస్తానని లేలండ్ సిగ్గూ ఎగ్గూ లేకుండా జవాబిచ్చాడు. గ్రాంట్ మాత్రం ఆ పొగడ్తలన్నీ నిజమే అనుకున్నాడు. తన కొత్త పికప్ చూసి మొహం తిప్పుకునే ఊళ్ళో ఒక్క మనిషైనా ఆప్యాయంగా పలకరిస్తున్నాడని పొంగిపోయాడు పిచ్చిమారాజు.

లేలండ్ ఇంటి గ్యారేజీలో ఒకప్పుడు కారు ఉండేది. ఇప్పుడు కారు ఎండకీ మంచుకీ బయట పడి ఉంటుంది, లోపల ఇత్తడి హాయిగా ఉంటుంది. గొట్టాలకి మెరుగుపెట్టే డ్రమ్ము వాల్‌నట్ పెంకుల పొడితో పొద్దస్తమానం గరగరమంటూ తిరుగుతుంది. ఆ రొదలో ఆర్డిస్ ఫోన్లో చెల్లెలితో గుట్టుగా మాట్లాడాల్సినవి కూడా అరిచి మాట్లాడుతుంది. ఈ తంతంతా పొదుపు కోసమని లేలండ్ నమ్మకం. ఆ పొదుపు కోసం కొన్న ప్రెస్సులూ అచ్చులూ త్రాసులూ అమ్మేస్తే ఇంటికి కొత్త కప్పు వేయించుకోవచ్చని ఆర్డిస్ నమ్మకం. ఇద్దరూ ఆ మాట ఎత్తకుండా సర్దుకుపోయారు.

జూలై నెలాఖరుకి గ్రాంట్ గొట్టాలు కాఫీ డబ్బాల నిండా పోగయ్యాయి. ఇంక వత్తడానికి కూర్చున్నాడు. గొట్టానికి వేళ్ళతో జిడ్డు పూసి, ప్రెస్సులో నిలబెట్టి, పిడి కిందికి లాగితే అది అచ్చులోకి దూరి, సన్నబడి, బుద్ధిగా బయటికి రావాలి. ఇవి అలా రాలేదు. మొదటిదే బిగుసుకుపోయింది, పిడి పట్టుకుని వేలాడాల్సి వచ్చింది. జిడ్డు చాల్లేదనుకున్నాడు. ఇంకోదానికి దండిగా పూశాడు. అదీ అంతే. అచ్చు విప్పి తుడిచి మళ్ళీ బిగించాడు, ఆ అచ్చు చేసినవాణ్ణి వాడి ఏడు తరాలతో సహా తిట్టాడు. తిట్టడం అయ్యాక ఒక గొట్టాన్ని కిటికీ వెలుగులో తిప్పి చూస్తే, అడుగుకి కాస్త పైన, చుట్టూతా, తెల్లగా మెరిసే గీత ఒకటి ఉంది.

లేలండ్ కుర్చీ కిటికీకి దగ్గరగా జరుపుకున్నాడు. ఆ గీతంటే ఏమిటో ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. పేపర్ క్లిప్పు సాగదీసి, కొన చిన్నగా వంచి, గొట్టం లోపలికి దింపి గోడ వెంబడే పైకి లాగాడు. గీత ఉన్నచోట కొన గతుక్కుమంది. లోపల గాడి పడిందన్నమాట. అంటే ఆకులూ పువ్వులూ చెక్కిన ఆ ఘనమైన పనివాడు, తూటా కూర్చునే గదిని మాత్రం కావలసినదానికన్నా లోతుగా తొలిచేశాడు. పేలినప్పుడల్లా గొట్టం ఆ ఖాళీలోకి సాగుతోంది, సాగినచోట ఇత్తడి కాగితంలా పల్చబడుతోంది. ఏదో ఒక రోజు అక్కడే తెగుతుంది. తెగితే నిప్పులాంటి గాలి వెనక్కి తన్నుతుంది, చెక్కకి బుగ్గ ఆనించి గురిచూసే మనిషి కళ్ళల్లోకి. అలా కన్ను పోగొట్టుకున్నవాడు లేలండ్‌కి తెలుసు కూడాను. చర్చిలో ఆయన వెనక వరసలోనే కూర్చుంటాడు.

ఇంత తెలిసిన మనిషికి ముందు ఏం తట్టాలి? గ్రాంట్‌కి ఏమవుతుందో అని తట్టాలి. లేలండ్‌కి ముందు తట్టింది, అయ్యో, ఇంత ఇత్తడీ పాడైపోయిందే అని. ఆయన్ని వెనకేసుకురావాలని నాకేం లేదు, ఉన్నదే చెబుతున్నాను.

ఆ తర్వాత ఆయన చేసిందేమిటంటే, నమ్మడం మానేశాడు. క్లిప్పు బాలేదని ఇంకో క్లిప్పు వంచాడు. అదీ గతుక్కుమంది. ఇనప తీగ తెచ్చాడు, ఆర్డిస్ తలపిన్ను అడక్కుండా తీసుకొచ్చి దాన్నీ వంచాడు. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పాయి. అప్పుడింక ఏరడం మొదలెట్టాడు. ఏ చిక్కొచ్చినా కూర్చుని ఏరడమే ఆయనకి తెలిసిన ఉపాయం. గీత కనపడని గొట్టాలు ఒక డబ్బాలో వేసి "మంచివి" అని రాశాడు. కనిపించీ కనిపించనట్టున్నవి "పర్వాలేదు". కొట్టొచ్చినట్టు కనిపించేవాటి డబ్బా మీద పారేయాలని రాయడానికి చెయ్యి రాక "చూద్దాం" అని రాశాడు. చూస్తుండగానే అది నిండిపోయింది. ఇంకో డబ్బా దించి "ఇంకా చూద్దాం" అని రాశాడు. ప్రభుత్వాలు కమిటీ మీద కమిటీ వేసినట్టు ఈయన డబ్బా మీద డబ్బా వేసుకుంటూ పోయాడు. "మంచివి"లో కూడా పిన్ను దింపితే గతుక్కుమనేసరికి, పిన్ను దింపడమే మానేశాడు.

మరి చెప్పొద్దూ? చెబితే రైఫిలు ఆ పనివాడి దగ్గరికి వెళ్తుంది, చలికాలం దాకా తిరిగి రాదు, అప్పటిదాకా ఇత్తడి రాలదు. ఇంకో సంగతీ ఉంది. మా దగ్గర ఒక మనిషి ఇల్లు బాలేదనొచ్చు, వాడు వేసిన ఓటు తప్పనొచ్చు, గుండెధైర్యం ఉంటే వాడి పెళ్ళాం ఓవెన్లో కాల్చిన ఆపిల్ పై మాడిందని కూడా అనొచ్చు. వాడి రైఫిలుకి వంక పెట్టకూడదు. ఇన్నాళ్ళూ మెర్ల్ రైఫిల్నీ అందరి రైఫిళ్ళనీ కడిగి ఆరేసిన లేలండ్‌కి ఈ మర్యాద ఇప్పుడు బైబిల్లో రాసినంత పవిత్రంగా కనిపించింది. పైగా కొత్త పెట్టెలోని తూటాలకి గొట్టం కాస్త మందంగా ఉండొచ్చు కదా, ఏమో. ఆ ఆశతో తర్వాతి శనివారం కూడా వెళ్ళి, గ్రాంట్ పక్కన నిలబడి మామూలుగానే ఆకాశానికెత్తాడు. కాకపోతే ఇదివరకటికన్నా నాలుగడుగులు ఎడంగా నిలబడ్డాడు.

ఆర్డిస్‌కి ఈ విద్య రాదు గానీ మొగుడి మొహం చదవడం వచ్చు. కాఫీ డబ్బా వెతుక్కుంటూ గ్యారేజీలోకి వచ్చి, "ఇంకా చూద్దాం" చదివి, ఇంకా చూడ్డానికి ఏముందని అడిగింది. లేలండ్ చెప్పుకొచ్చాడు. గీత గురించీ, గాడి గురించీ, పాడైపోయిన గొట్టాల గురించీ, తన దరిద్రం గురించీ, మధ్యలో ఆ పనివాడు ఎంత చవటో, అంతా చెప్పుకుని వాపోయాడు. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడి ఆసాంతం వింది.

"ఆయనకి చెప్పావా?"

"ఆయన అడగలేదుగా."

"నా కళ్ళు పోతాయా అని ఎవరైనా అడుగుతారా, లేలండ్?"

దానికి లేలండ్ చాలా చెప్పాడు. అన్నీ తెగవన్నాడు, కొత్త తూటాలు అంత త్వరగా తెగవన్నాడు, ఇది చేసినవాడి పూచీ గానీ చూసినవాడి పూచీ కాదన్నాడు, సమయం చూసుకుని తనే చెబుతానన్నాడు. ఆవిడ సగంలోనే లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మిగతా సగం డ్రమ్ముకి చెప్పుకున్నాడు.

సమయం దానంతటదే వచ్చింది. ఆదివారం మా ఇంటికి భోజనానికి రండని వెల్‌బోర్న్ దంపతులు పిలిచారు. భోజనాల బల్ల దగ్గరైతే పెద్దమనిషి తరహాలో చెప్పొచ్చని లేలండ్ అనుకున్నాడు. అక్కడైనా చెబుతాడులే అని ఆర్డిస్ అనుకుంది, పుల్లటి రూబార్బ్ కాడలతో తీపి పై చేసి పట్టుకుని బయల్దేరింది. గ్రాంట్ భార్య కోరిన్ నెమ్మదస్తురాలు. గొడ్డుమాంసం రోస్టు తనే కోసి అందరికీ వడ్డించింది, లేలండ్‌ని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. తినడం మొదలెట్టాక, మీ సలహా పట్టుకుని గ్రాంట్ నన్ను కూడా కాల్చమని చెవిలో పోరుతున్నాడండీ అంది. చిన్నప్పటి నుంచీ తుపాకులంటే తనకి భయమట. ఆ రైఫిలుతో ప్రమాదం ఏమీ ఉండదు కదా అని సూటిగా ఆయన్నే అడిగింది.

బల్ల కింద ఆర్డిస్ కాలు లేలండ్ పిక్క మీద గట్టిగా తగిలింది. ఆయన ఫోర్కు కింద పెట్టాడు. చెబుదామనే నోరు తెరిచాడు. ఎదురుగా గ్రాంట్ చంటిపిల్లాడిలా నవ్వుతున్నాడు, తన రైఫిలు గురించి ఇంకో పొగడ్త వస్తుందని. "వెన్నలా ఉంటుందండీ" అనేశాడు లేలండ్. భుజం మీద పడే తన్ను సంగతే చెప్పాను, అది అబద్ధం కాదు అని లోపల సమర్థించుకున్నాడు. ఆవిడ ఇంకేమైనా అడుగుతుందేమోనని, నోరు ఖాళీగా ఉంచడం ఇష్టంలేక, కంచం ముందుకు జరిపి ఇంకాస్త మాంసం వడ్డించమన్నాడు. ఆర్డిస్ తను చేసిన రూబార్బ్ పై తనే ముట్టుకోలేదు. ఇంటికి పికప్ తనే నడిపింది.

శనివారం పొద్దున లేలండ్ బయటికొచ్చేసరికి డబ్బాలన్నీ పికప్ సీట్లో వరసగా కూర్చుని ఉన్నాయి. ఆర్డిస్ మెట్ల మీద నిలబడి ఉంది.

"ఇవాళ నువ్వు చెబుతావా, నేను ఫోన్ చేసి చెప్పనా? నేను చెబితే డబ్బాల మీద నువ్వు రాసినవి కూడా చదివి వినిపిస్తాను."

దారి పొడుగునా లేలండ్ మాటలు పేర్చుకున్నాడు. తప్పెవరిదీ కానట్టు, తనకి ఇప్పుడే అనుమానం వచ్చినట్టు, ఎటునుంచి వాయించినా మోగేలా ఒక వాక్యం తయారుచేసుకున్నాడు. తీరా వెళ్ళేసరికి గ్రాంట్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. మిమ్మల్ని చూసి చూసి నాకూ ఈ పిచ్చి పట్టింది, ప్రెస్సు కొన్నాను, అచ్చులు కొన్నాను, డ్రమ్ము కూడా తెప్పించాను, ఇవాళ్టి నుంచి నా ఇత్తడి నేనే తీసుకెళ్తాను, మీరే నాకు గురువు అన్నాడు. చుట్టూ ఉన్న ముసలాళ్ళ మొహాలు చావు కబురు విన్నట్టు వాడిపోయాయి. లేలండ్ పేర్చుకున్న వాక్యం కాస్తా కూలిపోయింది. అయిపోయింది, ఇంక ఒక్క గొట్టమూ రాదు అనే దుఃఖంలో ఆయన తేరుకునేలోపు, బెంచీ దగ్గర కోరిన్ తూటా పెట్టి, బోల్టు మూసి, చెక్కకి బుగ్గ ఆనించి, ఒక కన్ను మూసుకుంది.

ఎలా వెళ్ళాడో తెలీదు, లేలండ్ వెళ్ళి బోల్టు మీద చెయ్యి వేసేశాడు. "కాల్చకండి, అమ్మా. ఈ రైఫిలు మంచిది కాదు."

చెప్పాడు, అన్నీ తారుమారుగా. గది లోతన్నాడు, గాడి అన్నాడు, కన్ను పోతుందన్నాడు. గ్రాంట్ మొదట హాస్యమనుకుని నవ్వాడు. ఆ నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"మొన్న శనివారం దాకా కౌంటీ మొత్తంలో దీన్ని మించింది లేదన్నారు. ఇత్తడి ఇవ్వనని చెప్పిన నిమిషంలో పాడైపోయిందా?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. మెర్ల్ దగ్గరికొచ్చి చెవిలో, "ఒరేయ్, ఆశకి కూడా హద్దుండాలి" అన్నాడు. లేలండ్‌కి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఎండాకాలం పొడుగునా నోటికొచ్చిన అబద్ధమల్లా చెబితే నెత్తిన పెట్టుకున్నారు. ఇవాళ నిజం చెబితే నమ్మే దిక్కు లేదు. అమ్మతోడన్నాడు, దేవుడి తోడన్నాడు. చెప్పేకొద్దీ ఇంకా దొంగలా కనిపించాడు. గ్రాంట్ ఆయన చేతిని మర్యాదగా పక్కకి తీసి, నువ్వు కానియ్యి అని భార్యకి చెప్పాడు.

ఒక్క నిమిషం ఆగండి బాబూ అంటూ లేలండ్ పికప్ దగ్గరికి పరిగెత్తాడు. డబ్బాలు తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. రేంజి షెడ్డులోంచి ఇనుము కోసే రంపం లాక్కొచ్చాడు, ఒక గొట్టాన్ని బిగింపులో పెట్టి నిలువునా కోయడం మొదలెట్టాడు. రాబర్ట్స్ ఇత్తడిని ఒక మనిషి చేజేతులా రంపం పెట్టి కోస్తుంటే చూడలేక ఒక ముసలాయన టోపీ తీసి పక్కకి తిరిగాడు. రెండు ముక్కలు చేసి చూపించాడు. అడుగున దిట్టంగా ఉంది, కాస్త పైన నల్లటి గాడి, అక్కడ గోడ ఉల్లిపొరంత మిగిలింది.

ఇది మీరు ఏరి తెచ్చింది అన్నాడు గ్రాంట్. అయితే మీరే ఏరండి అన్నాడు లేలండ్. గ్రాంట్ "మంచివి" డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. అదీ అంతే. ఇంకోటి తీశాడు. అదీ అంతే. లేలండ్ కోస్తూనే ఉన్నాడు. వేళ్ళు తెగి రక్తం కారుతున్నా ఆపలేదు, ప్రాణంలా దాచుకున్నవన్నీ వరసగా కోసి పడేశాడు. ఒకదాన్ని పట్టకారుతో పట్టుకుని మెలితిప్పితే గీత దగ్గర టక్కున రెండుగా విరిగింది. అప్పుడింక ఎవరూ నవ్వలేదు. కోరిన్ మెల్లగా బోల్టు తెరిచి, తూటా బయటికి తీసి బెంచీ మీద పెట్టి, లేచి దూరంగా నిలబడింది.

గ్రాంట్ మొహం పాలిపోయింది. లేలండ్ చెయ్యి పట్టుకుని ఊపుతూ, మీరు లేకపోతే ఇవాళ ఏమయ్యేది, మిమ్మల్ని అనుమానించాను, నన్ను క్షమించాలి అన్నాడు.  మెర్ల్ వచ్చి వీపు తట్టాడు. ఆడకూతురి కళ్ళు కాపాడావని ముసలాళ్ళంతా చుట్టూ చేరారు, ఎవరో కాఫీ పోసి ఇచ్చారు. మనిషి బుద్ధి చూడండి, ఆ కాసేపట్లోనే లేలండ్ ఛాతీ పొంగింది. నేను కాబట్టి పట్టుకున్నాను, అందరికీ తెలిసే విషయం కాదిది అనేదాకా వెళ్ళాడు.

కోరిన్ బల్ల మీది డబ్బాలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూస్తోంది. మీద రాసినవి చదివింది. మూత పెట్టి మళ్ళీ కింద పెట్టింది.

"ఇవన్నీ ఏరడానికి చాలా రోజులు పట్టి ఉంటుంది కదండీ," అంది.

"పట్టిందమ్మా," అన్నాడు లేలండ్, ఆ పొంగులోనే.

"మా ఇంటికి భోజనానికి వచ్చేటప్పటికి అయిపోయిందా?"

లేలండ్ నోట్లో ఉన్న కాఫీ మింగాడు. లేదని అనొచ్చు. నిన్ననే ఏరానని అనొచ్చు, అడిగేవాళ్ళు లేరు, ఆర్డిస్ ఇక్కడ లేదు. గ్రాంట్ చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఆవిడ కోపంగా చూడటం లేదు, ఊరికే జవాబు కోసం చూస్తోంది, ఆ చూపు ముందు ఆయనకి ఇంకో అబద్ధం పెగల్లేదు.

"అయిపోయింది," అన్నాడు.

గ్రాంట్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మెర్ల్ నేల చూపులు చూశాడు. కోరిన్ రైఫిలు తీసుకుని సంచిలో పెట్టి, జిప్పు లాగి, భర్తకి అందించింది. వెళ్ళబోతూ లేలండ్ ముందు ఆగింది.

"ఆ రోజు మిమ్మల్నే అడిగాను. మీరు ఇంకాస్త మాంసం వడ్డించమన్నారు," అంది. "నేను వడ్డించాను."

గొంతు కూడా పెంచలేదు. లేలండ్‌కి మాత్రం అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. వాళ్ళ పికప్ గేటు దాటి రోడ్డెక్కేదాకా ఆయన తలెత్తలేకపోయాడు.